బండి మీద దూరప్రయాణం: మీ ప్రశ్నలకు జవాబులు

వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో అరకు, లంబసింగి, మారేడుమిల్లి, శ్రీశైలం దారులు బైకులతో నిండిపోతాయి. ఆ దారులు పట్టబోతున్న పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి అరకు వెళ్దామనుకుంటున్నాం. 350 సీసీ బండి, వెనక మా ఆవిడ. తెల్లవారుజామున 3 గంటలకు బయల్దేరితే రాత్రికి చేరిపోవచ్చని స్నేహితులు అంటున్నారు. కుదురుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

చేరడం కుదురుతుంది. కానీ చివరి వంద కిలోమీటర్లు ఏ స్థితిలో నడుపుతారో ముందే ఆలోచించండి. విశాఖ మీదుగా దూరం 730 కి.మీ. దాకా వస్తుంది. హైవే మీద మీటరు 80 చూపిస్తూనే ఉన్నా టీలు, పెట్రోలు, భోజనం, ఊళ్ల దగ్గర నెమ్మదించడం అన్నీ కలుపుకుంటే సగటు గంటకు 50 దాటడం కష్టం. అంటే దాదాపు 15 గంటల ప్రయాణం. అనంతగిరి ఘాట్ దాటకముందే చీకటి పడుతుంది, మంచు దిగుతుంది, మీ నడుము, మెడ, కళ్లు అప్పటికే చేతులెత్తేసి ఉంటాయి. దారి మొత్తంలో ఎక్కువ శ్రద్ధ కావలసిన భాగం మీలో శ్రద్ధ అయిపోయిన వేళకు మిగులుతుంది.

మూడింటికి బయల్దేరడం ఇంకో పొరపాటు. ముందు రాత్రి నిద్ర సగమే అవుతుంది. పైగా తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య, మధ్యాహ్నం 1 నుంచి 4 మధ్య మనిషి ఒళ్లే నిద్ర కోరుతుంది. 80 వేగంలో నాలుగు సెకన్లు కన్ను మూతపడితే బండి 90 మీటర్లు తనంతట తాను వెళ్లిపోతుంది.

రెండు రోజులు పెట్టుకోండి. వెలుగు వచ్చాక బయల్దేరి మొదటి రోజు రాజమహేంద్రవరం చేరండి, 400 పైచిలుకు కిలోమీటర్లు. రెండో రోజు 300 చిల్లర. మధ్యాహ్నం దాటకముందే విశాఖలో ఉంటే ఘాట్ వెలుగులోనే అయిపోతుంది. గంటన్నరకోసారి బండి దిగి, హెల్మెట్ తీసి, పది నిమిషాలు నడవండి. మధ్యాహ్నం బిరియానీ కడుపునిండా తిని వెంటనే బండెక్కకండి. ఇడ్లీ, పెరుగన్నం లాంటివి కొద్దికొద్దిగా రెండుసార్లు తినడం మేలు.

ఇప్పుడే దాటిన ఊరు పేరు గుర్తు రాకపోవడం, గేరు తప్పు పడటం, బండి గీత మీదికి జరిగాక గమనించడం నిద్ర ముంచుకొస్తోందనడానికి గుర్తులు. పాటలు పెట్టుకున్నా, ముఖాన నీళ్లు చల్లుకున్నా అది ఆగదు. పెట్రోలు బంకులో బండి ఆపి, ఒక కాఫీ తాగి, 20 నిమిషాలు పడుకోండి. కాఫీ పని మొదలుపెట్టేసరికి మీరు లేస్తారు.

ప్రశ్న: ముందు బ్రేకు గట్టిగా పడితే బండి బోల్తా కొడుతుందని మా నాన్నగారు చిన్నప్పటి నుంచి చెప్పేవారు. ఇప్పటికీ వెనక బ్రేకే వాడతాను. ఇప్పుడు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి కొన్నాను. అలవాటు మార్చుకోవాలా?
– ఒక పాఠకుడు, నంద్యాల

తప్పకుండా మార్చుకోవాలి. మీ నాన్నగారి మాట పాత డ్రమ్ము బ్రేకుల నాటిది, మట్టిరోడ్ల నాటిది. తారు రోడ్డు మీద బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి రోడ్డు మీద పట్టు ఉండదు. అందుకే బండిని ఆపే శక్తిలో సుమారు 70 శాతం ముందు బ్రేకుదే. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే దూరం దాదాపు రెండింతలవుతుంది, లేదా వెనక చక్రం బిగుసుకుపోయి పక్కకు కొట్టుకుపోతుంది.

ఈ లెక్క చూడండి. పొడి తారు రోడ్డు, మంచి టైర్లు, రెండు బ్రేకులూ సరిగ్గా వేసే మనిషి. ప్రమాదం చూసి చెయ్యి కదలడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. 60 వేగంలో బండి ఆగడానికి మొత్తం 37 మీటర్లు కావాలి. 80లో 58 మీటర్లు. 100లో 84 మీటర్లు. 80 నుంచి 100కి పెరిగింది 20 మాత్రమే, ఆగే దూరం మాత్రం 26 మీటర్లు పెరిగింది. బస్సు పొడవుకు రెండింతలు. అందుకే ఈ శీర్షికలో ఏ ప్రశ్నకు జవాబు రాస్తున్నా అక్కడికే వస్తుంటాం: మీకు కనిపిస్తున్న ఖాళీ రోడ్డులో బండి ఆగగలగాలి. ఆగలేని వేగంలో ఉన్నారంటే కనపడని రోడ్డును నమ్ముకుని నడుపుతున్నట్టే.

లీవరు పట్టే తీరు ముఖ్యం. ఒక్కసారిగా లాగకండి. ముందు మెత్తగా పట్టి బరువు ముందు చక్రం మీదికి రానివ్వండి, ఆ వెంటనే గట్టిగా పిండండి. ఈ రెండూ అర సెకనులో జరిగిపోవాలి. ఏబీఎస్ ఉన్న బండి అయితే లీవరు వేళ్ల కింద టకటకా కొట్టుకుంటుంది. చాలామంది అక్కడే భయపడి వదిలేస్తారు. వదలకండి, అది ఏబీఎస్ తన పని చేస్తున్న చప్పుడు. బండి పూర్తిగా ఆగేదాకా అలాగే పట్టి ఉంచండి. ఇంజిన్ ఆగిపోయినా ఫర్వాలేదు. మీ బండి సింగిల్ ఛానల్ ఏబీఎస్ అయితే అది ముందు చక్రానికే పనిచేస్తుంది, వెనక చక్రం బిగుసుకోవచ్చు. కాబట్టి పెడలు మీద ఆ జాగ్రత్త ఉండాలి.

ఇది చదివితే వచ్చేది కాదు. ఆదివారం పొద్దున ఖాళీ మైదానమో, కొత్త లేఅవుటు రోడ్డో చూసుకోండి. 30 వేగంలో పదిసార్లు ఆపండి, తరవాత 40, తరవాత 50. సామాను, వెనక మనిషి ఉన్నప్పుడు బండి వేరేలా ఆగుతుంది కాబట్టి ప్రయాణానికి ముందు ఆ బరువుతో కూడా ఒకసారి చేసి చూడండి.

కుక్కో, మేకపిల్లో అడ్డొస్తే? చాలామంది హ్యాండిల్ తిప్పేసి పడిపోతారు, లేదా ఎదురు లారీ కిందికి వెళ్తారు. బండిని నిటారుగా ఉంచి, తిన్నగా వెళ్తూనే గట్టిగా బ్రేకు వేయండి. తగలక తప్పదనిపిస్తే తగిలే క్షణంలో ముందు బ్రేకు వదిలేయాలి. అప్పుడు ముందు ఫోర్కు లేచి చక్రం దాటిపోయే వీలుంటుంది. బ్రేకు పట్టుకునే గుద్దితే హ్యాండిల్ మెలికపడుతుంది.

ప్రశ్న: శ్రీశైలం ఘాట్‌లో దిగేటప్పుడు వెనక బ్రేకు పూర్తిగా పడటం మానేసింది. మెకానిక్ చూసి బ్రేకు షూలు బాగానే ఉన్నాయన్నాడు. ఎందుకలా జరిగింది? ఇంకో సంగతి, మలుపుల్లో బండి నేను అనుకున్నదానికన్నా బయటికి వెళ్లిపోతోంది.
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

మీ బ్రేకు చెడిపోలేదు, కాగింది. దిగుతున్నంతసేపూ పెడలు మీద కాలు ఆనించి ఉంచితే డ్రమ్ము వేడెక్కి షూలు జారడం మొదలుపెడతాయి. డిస్కు బ్రేకుల్లో ఇదే తంటా ద్రవంతో వస్తుంది. డాట్ 4 రకం బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమను అది మెల్లగా పీల్చుకుంటుంది. నీరు కలిసిన ద్రవానికి ప్రమాణం ప్రకారం ఉండాల్సిన కనీస మరుగు 155 డిగ్రీలే. మరిగితే బుడగలొస్తాయి, లీవరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. రెండేళ్లకోసారి ఆ ద్రవం మార్పించాలనడం అందుకే. ఘాట్‌కు వెళ్లేముందు ద్రవం ఉండే సీసా కిటికీలోంచి దాని రంగు చూడండి. టీ రంగుకు తిరిగి ఉంటే మార్పించాకే బయల్దేరండి.

దిగేటప్పుడు పాత లారీ డ్రైవర్ల సూత్రమే బండికీ వర్తిస్తుంది: ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. 350 సీసీ బండికి హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగినట్టుండే) మలుపుల్లో రెండో గేరు, మధ్యలో మూడో గేరు సరిపోతుంది. ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపు ముందు మాత్రమే పడుతుంది. వేసి, వదిలి, చల్లారనివ్వాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ వేసి, ఇంజిన్ ఆపి దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న (కార్బురేటర్ లేని) బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కు పెట్రోలు దాదాపు వెళ్లనే వెళ్లదు. న్యూట్రల్‌లో మిగిలేది ఏమీ లేదు, పోయేది బ్రేకు.

ఇక మలుపుల సంగతి. వేగం తగ్గించడం, గేరు మార్చడం మలుపులోకి దిగకముందే అయిపోవాలి. మలుపు మధ్యలో బ్రేకు పట్టుకుంటే బండి లేచి నిటారవుతుంది, తిన్నగా లోయ వైపు పోతుంది. మీ బండి బయటికి వెళ్లడానికి కారణం చాలావరకు ఇదే. రెండో కారణం చూపు. భయపడి రక్షణ గోడ వైపు చూస్తే బండి ఆ గోడ వైపే వెళ్తుంది. గడ్డం తిప్పి మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ చూడండి. ఎడమ మలుపులో బండి ఇంకా వంగాలంటే ఎడమ హ్యాండిల్‌ను మెత్తగా ముందుకు నెట్టాలి. కుడి మలుపులో కుడి హ్యాండిల్‌ను. వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ 30 దాటిన వేగంలో రెండు చక్రాల బండి ఇలాగే తిరుగుతుంది. ఖాళీ రోడ్డు మీద 40 వేగంలో ఒకసారి చేసి చూస్తే చేతులకే అర్థమవుతుంది.

కుడి మలుపుల్లో ఇంకో ప్రమాదం ఉంది. చక్రం మధ్య గీతకు ఇవతలే ఉంటుంది, కానీ బండి కుడికి వాలడంతో తల, భుజం గీతకు అవతల ఉంటాయి. ఎదురుగా వచ్చే బస్సు అద్దం ఎత్తూ అదే. కుడి మలుపు తీసుకునేటప్పుడు మీ వరస ఎడమ సగంలో ఉండండి. మరీ అంచుకు పోతే కంకర, ఇసుక ఉంటాయి. ఎడమ మలుపులో వరస మధ్యకు కాస్త కుడిగా ఉంటే అవతల ఏముందో ముందే కనిపిస్తుంది. ఇరుకు ఘాట్‌లో ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలని రోడ్డు నియమాలూ చెబుతున్నాయి. హెయిర్‌పిన్ దగ్గర ఆర్టీసీ బస్సు కనిపిస్తే తిరగడానికి దానికి రోడ్డంతా కావాలి. మలుపుకు ముందే ఆగి, అది వెళ్లాక కదలండి.

శ్రీశైలం వెళ్లేవారికి ఒక గుర్తు. మన్ననూరు నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. గేటు మూసేలోపు చేరాలన్న తొందరలో సాయంత్రం వేగం పెంచేవాళ్లే ఎక్కువ. దానికి తగ్గట్టు హైదరాబాద్‌లోనే ముందు బయల్దేరండి.

ప్రశ్న: చిన్న వానకే బండి జారుతోంది. పెద్ద వానలో బాగానే నడుస్తోంది. ఇదేం వింత?
– ఒక పాఠకురాలు, వరంగల్

వింత కాదండీ. రోజుల తరబడి రోడ్డు మీద చేరిన దుమ్ము, నూనె, టైరు పొడి తొలి చినుకులకు కలిసి జిగురులా మారుతుంది. మొదటి పావుగంట, ఇరవై నిమిషాలు అన్నిటికన్నా చెడ్డవి. గట్టిగా కురిస్తే అదంతా కొట్టుకుపోతుంది. కాబట్టి చినుకు పడగానే బండి పక్కన ఆపి టీ తాగడమే మంచి పద్ధతి. తరవాత బయల్దేరినా వేగం మూడో వంతు తగ్గించండి. పొడి రోడ్డు మీద ముందు బండికి మూడు సెకన్ల దూరం ఉంచితే తడిలో ఆరు సెకన్లు ఉంచండి. ముందు బండి ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టడం మొదలుపెడితే ఆ దూరం తెలిసిపోతుంది.

తెల్ల రంగు గీతలు, వంతెనల మీది ఇనుప కీళ్లు, మ్యాన్‌హోల్ మూతలు తడిస్తే సబ్బుముక్కలే. వాటి మీద బ్రేకు వేయకండి, బండి వంచకండి. పత్తి చేల పక్కన రోడ్డు మీద నల్లరేగడి మట్టిని ట్రాక్టర్ చక్రాలు మోసుకొచ్చి పెడతాయి. వాన తరవాత అది ఎంత జారుడో మీ జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. లోలెవల్ వంతెన మీద నీరు పారుతుంటే, అంచు రాళ్లు కనబడకపోతే, అవతల ఎంతమంది దాటుతున్నా మీరు దాటకండి. చక్రం కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైనుంచి చూసి చెప్పలేం.

వానకు సంబంధం లేకున్నా ఇక్కడే చెప్పాల్సిన సంగతి వడ్లు. నవంబర్, డిసెంబర్‌లోనూ, మళ్లీ ఏప్రిల్, మేలోనూ రోడ్డు సగం కళ్లమైపోతుంది. వడ్లు, మక్కలు చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి. వాటి మీదికి పోవాల్సివస్తే ముందే వేగం 20కి తగ్గించి, హ్యాండిల్ తిన్నగా ఉంచి, బ్రేకు ముట్టకుండా దాటండి. పగలు అది తేలికే. రాత్రి రాశి మీద నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. డిప్‌లైటులో నల్ల రోడ్డు మీద నల్ల పట్టా కనిపించేసరికి ఆలస్యమవుతుంది. కోతల కాలంలో చీకటి పడ్డాక ఊరి రోడ్లు వదిలి హైవే మీదే ఉండండి. రైతుకు ఆరబెట్టే చోటు లేక రోడ్డు మీద పోస్తున్నాడు. అతని మీద కోపం పెంచుకుంటే మన బండి ఆగదు. వేగం తగ్గించడం మన చేతిలో ఉంది.

ప్రశ్న: రాత్రి నడపక తప్పకపోతే ఎంత వేగం వరకు ఫర్వాలేదు?
– ఒక పాఠకుడు, ఒంగోలు

మామూలు బండి డిప్‌లైటు 40, 50 మీటర్ల దాకా బాగా చూపిస్తుంది. పైన చెప్పిన లెక్కతో పోల్చుకుంటే జవాబు దొరుకుతుంది: 60. ఎదుటి బండి వెలుగు కంట్లో పడితే దాన్ని చూడకుండా ఎడమ అంచు తెల్ల గీతను చూస్తూ నడపండి. వెనక మనిషి ఎక్కితే లైటు పైకి లేస్తుంది, ఎదుటివారి కళ్లలో పడుతుంది, మీ రోడ్డు మీద పడదు. బయల్దేరేముందు గోడ మీద వెలుగు చూసుకుని కిందికి దించుకోండి. హెల్మెట్‌కు లేతరంగు విజరు (ముందు అద్దం) కూడా రాత్రి వాడకండి. రంగు లేనిది పెట్టుకోండి. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, చెరకు బండ్లు ఎడమ వరసలోనే ఉంటాయని గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: సామాను ఎలా కట్టాలి? ఏ సంచి కొనాలి? టైరులో గాలి పెంచాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

ఏ సంచి అయినా సరే, బరువు కిందికీ ముందుకీ ఉండాలి. పనిముట్లు, నీళ్ల సీసాలు, బూట్లు లాంటి బరువైనవి పక్క సంచుల్లో అడుగున పెట్టండి, రెండు వైపులా సమానంగా ఉండాలి. బట్టలు పైన. టాప్ బాక్సు చూడటానికి పెద్దదే కానీ వెనక చక్రానికి వెనకాల, ఎత్తున ఉంటుంది. అందులో ఎక్కువ బరువు పెడితే ముందు చక్రం తేలికై 80 దగ్గర హ్యాండిల్ ఊగడం మొదలవుతుంది. దాని మీద రాసిన బరువు దాటకండి. రబ్బరు బంజీ తాళ్లు వద్దు. కొక్కెం జారితే తాడు చక్రంలో చుట్టుకుంటుంది. నైలాన్ పట్టీలు బకిల్‌తో బిగించండి, మిగిలిన కొసలు ముడివేసి లోపల దోపండి. పది కిలోమీటర్లు వెళ్లాక ఆగి మళ్లీ బిగించాలి. అప్పటికి సంచి కుదురుకుని పట్టీలు వదులవుతాయి.

చీర కొంగు, చున్నీ కూడా సామాను కిందే లెక్క. చీరగార్డు తీయించకండి, కొంగు నడుముకు దోపాలి.

గాలి గురించి: బండి స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదో, చైను కవరు మీదో స్టిక్కరు ఉంటుంది. ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత అని విడిగా రాసి ఉంటుంది. వెనక మనిషీ సామానూ ఉంటే రెండో అంకె పాటించండి. గాలి టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే బయల్దేరకముందే చూడాలి. దూరం నడిచాక మూడు, నాలుగు పీఎస్‌ఐ పెరిగి కనిపిస్తుంది, అది చూసి తీసేయకండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. ద్విచక్ర వాహనాల టైరు గాడి లోతు 0.8 మి.మీ. కన్నా తగ్గకూడదని నియమం. దూరప్రయాణానికి మేం దాన్ని చాలదంటాం. 2 మి.మీ. కన్నా తక్కువ ఉంటే, ముందు వానకాలం ఉంటే, మార్చేయండి.

ప్రశ్న: పంక్చరు, చైను, కేబులు. దారిలో ఏం పెట్టుకోవాలో ఒక్కసారి చెప్పండి.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

ముందు మీ చక్రం చూసుకోండి. అల్లాయ్ చక్రం, ట్యూబ్‌లెస్ టైరు అయితే తాడు ముక్కల పంక్చరు కిట్, బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల చిన్న పంపు చాలు. మేకు పీకి, రంధ్రాన్ని రంపపు సూదితో సాఫు చేసి, జిగురు రాసిన తాడును గుచ్చి, సూదిని ఒక్క లాగుతో తీసేయాలి. మిగిలిన తోక కోసేయండి. రంధ్రం టైరు పక్క గోడలో ఉంటే ఈ పని చేయకండి, అక్కడ తాడు నిలవదు. అతికించాక 60 దాటకుండా వెళ్లి దగ్గరి షాపులో లోపల ప్యాచ్ వేయించండి. చువ్వల చక్రం అయితే చాలావరకు ట్యూబు ఉంటుంది. ముందుదీ వెనకదీ కొత్త ట్యూబులు, టైరు లీవర్లు, చక్రం నట్టుకు సరిపోయే స్పానర్ పెట్టుకోండి. ఇంట్లో ఒకసారి చక్రం విప్పి చూడకుండా దారిలో విప్పాలని చూడకండి.

చైను ప్రతి 500 కి.మీ.కు శుభ్రం చేసి నూనె వేయాలి, వానలో నడిస్తే ఆ సాయంత్రమే. ఇంజిన్ ఆపి, కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో రుద్ది, తుడిచి, 90 గేరు ఆయిలు లోపలి వైపు పట్టించండి. పెట్రోలు వాడితే చైను లంకెల్లోని రబ్బరు ఓ-రింగులు పాడవుతాయి. కింది వైపు మధ్యలో వేలితో ఎత్తితే చైను చాలా బండ్లలో 25 నుంచి 35 మి.మీ. ఆడాలి. మీ బండి పుస్తకంలో అంకె చూసుకోండి. ఇద్దరు ఎక్కితే చైను ఇంకా బిగుస్తుంది. బిగువు ఎక్కువైతే గేరుబాక్సు బేరింగు దెబ్బతింటుంది.

క్లచ్ కేబులు తెగితే కొత్తది దారి మధ్యలో దూర్చడం కష్టం. ఇంట్లోనే కొత్త కేబులును పాతదాని పక్కనే పరిచి ప్లాస్టిక్ టైలతో కట్టి ఉంచితే కొసలు మార్చుకుంటే చాలు. ఇవి కాక ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు, ప్లగ్గు స్పానర్.

ప్రశ్న: ఎండాకాలంలో రామగుండం వైపు వెళ్లాలి. జాకెట్ వేసుకుంటే ఉడికిపోతాను. చొక్కా మీదే వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

వెళ్లొద్దు. పడితే తారు చర్మాన్ని గీకేస్తుందన్నది ఒక కారణం. రెండోది ఎండకు సంబంధించినదే. గాలి 40 దాటినప్పుడు అది ఒంటిని చల్లార్చదు, వేడినే మోసుకొచ్చి తగిలిస్తుంది, చెమటను క్షణాల్లో ఎగరేస్తుంది. అందుకే తడి తెలియకుండానే నీరు తగ్గిపోతారు. లోపల తడిపిన నూలు బనియన్, పైన వల జాకెట్ వేసుకుంటే గంట దాకా చల్లగా ఉంటుంది. ఆగిన ప్రతిచోటా మళ్లీ తడుపుకోండి. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగండి, మధ్యమధ్య ఓఆర్‌ఎస్ ఒక ప్యాకెట్ లీటరు నీళ్లలో. మూత్రం ముదురు పసుపు ఉంటే తాగింది చాలలేదు. చెమట ఆగిపోయి, తల తిరిగి, మాట తడబడితే అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి, 108 పిలవండి. 11 నుంచి 4 వరకు నీడలో ఉండి మిగతా వేళలు నడపడం అన్నిటికన్నా మంచిది.

ప్రశ్న: హెల్మెట్ ఏది కొనాలి? పాప వయసు మూడేళ్లు, మధ్యలో కూర్చోబెట్టుకుంటాం.
– ఒక పాఠకురాలు, విజయనగరం

ఐఎస్ 4151 గుర్తుతో ఐఎస్‌ఐ ముద్ర ఉన్న నిండు హెల్మెట్. 2021 జూన్ నుంచి ఐఎస్‌ఐ లేనివి అమ్మడమే నేరం, ధర చూసి మోసపోకండి. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు లాగితే తల నుంచి రాకూడదు. చెంపలు కాస్త నొక్కినట్టు ఉండాలి. వారం వాడితే వదులవుతుంది. గట్టిగా కింద పడినది, దెబ్బ తిన్నది బయటికి బాగానే ఉన్నా మార్చాలి, లోపలి థర్మోకోల్ ఒక్కసారే అణిగి కాపాడుతుంది.

పాప విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు నడిపేవారికి కట్టే భద్రతా పట్టీ, తలకు సరిపడే హెల్మెట్ ఉండాలి. బండి 40 దాటకూడదు. ఆ వేగంతో హైవే ప్రయాణం కుదరదు కాబట్టి దూరాలకు బస్సో, రైలో ఎంచుకోండి.

ప్రశ్న: పదిమందిమి కలిసి వెళ్తున్నాం. వరస ఎలా ఉండాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

పదిమందిని రెండు గుంపులు చేయండి. ఐదుగురే ఒక గుంపు. ముందు దారి తెలిసినవారు, రెండో స్థానంలో అందరికన్నా అనుభవం తక్కువవారు, చివర నేర్పున్నవారు, కిట్‌తో. వరసలో ఒకరు కుడి సగంలో ఉంటే తరవాతి వారు ఎడమ సగంలో, జిగ్‌జాగ్‌లా. మలుపుల్లో, ఊళ్లలో ఒకరి వెనక ఒకరు. అందరికన్నా చిన్న ట్యాంకు ఉన్న బండిని బట్టి పెట్రోలు ఆపులు పెట్టుకోండి. ఓవర్‌టేక్ ఎవరి చూపుతో వారే చేయాలి, ముందువాడు వెళ్లాడు కదా అని వెళ్లకూడదు. వెనకబడినవారు అందుకోవడానికి పరిగెత్తకుండా తరవాతి ఆగే చోటు ముందే చెప్పుకోండి.

ప్రశ్న: దారిలో ఎవరైనా పడిపోతే మొదట ఏం చేయాలి? పోలీసు కేసులో ఇరుక్కుంటామని భయం.
– ఒక పాఠకుడు, కడప

ఆ భయం పెట్టుకోవద్దు. మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ సాయం చేసినవారిని కాపాడుతుంది. ఇష్టం లేకపోతే మీ పేరు కూడా చెప్పనక్కర్లేదు.

ముందు మీ బండి యాభై మీటర్ల అవతల ఆపి ఇండికేటర్లు వేయండి, వెనక వచ్చేవారిని ఒకరు చేత్తో ఆపాలి. లేకపోతే రెండో ప్రమాదం జరుగుతుంది. 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి అయితే 1033కి కూడా. ఊరి పేరు చాలదు, పక్కన ఉన్న కిలోమీటరు రాయి మీది అంకె, ఏ వైపు వెళ్లే రోడ్డో చెప్పండి.

పడినవారి హెల్మెట్ తీయకండి, లేపి కూర్చోబెట్టకండి, నీళ్లు పట్టకండి. మెడ ఎముక దెబ్బతిని ఉండొచ్చు. విజరు ఎత్తి ఊపిరి ఆడుతోందో లేదో చూడండి. ఊపిరి ఆడకపోయినా, వాంతి అవుతున్నా మాత్రమే తీయాలి. అప్పుడు ఒకరు కింది నుంచి మెడ, గడ్డం కదలకుండా పట్టుకుంటే రెండోవారు పట్టీ కోసి నెమ్మదిగా వెనక్కి లాగాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా పది నిమిషాలు నొక్కి ఉంచండి, మధ్యలో తీసి చూడకండి. తడిసిపోతే దానిమీదే ఇంకో గుడ్డ.

2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు అడగకుండా చికిత్స చేసే కేంద్ర పథకం అమల్లో ఉంది. పథకంలో చేరిన ఆసుపత్రి ఏదో 108 సిబ్బందినే అడగండి.

పడింది మీరే అయితే, లేచి నిలబడగలిగినా అరగంట దాకా బండెక్కకండి. ఆ కంగారులో ఒళ్లు నొప్పిని తెలియనివ్వదు. ఆ అరగంటలో హ్యాండిల్ తిన్నగా ఉందా, బ్రేకు లీవరు వంగిందా, ముందు చక్రం తిప్పితే వంకరగా తిరుగుతోందా చూడండి. పాదం పెడలు మీద నొక్కినా, మెడ రెండు వైపులా తిప్పినా నొప్పి లేకపోతేనే 40 వేగంలో దగ్గరి ఊరి దాకా వెళ్లి డాక్టరుకు చూపించుకోండి.